శుద్ధి చేసిన విత్తనం

నేను రిఫరీగా కూడా పనిచేస్తానని తెలిసినప్పుడు మా అత్తగారి వైపు చుట్టాలు కబడ్డీ పోటీల్లో ఈల ఊదుతానేమోననుకున్నారు. అది కాదని విడమరిచి చెప్పాను. ఎక్కడో ఎవరో పరిశోధన చేసి పత్రం రాస్తారు. అది అచ్చు వేయడానికి తగునో తగదో చెప్పమని పత్రిక సంపాదకుడు మాలాంటి వాళ్ళకు పంపుతాడు. మేము చదివి అభిప్రాయం రాసి పంపుతాం. దానికి జీతం లేదు, పేరు రాదు, ఎవరి పత్రం చదివామో బయట చెప్పుకోకూడదు. అంతా విని మా బావమరిది, "మరి దీనికన్నా ఈలే నయం కదా బావా, కనీసం నలుగురికీ వినపడుతుంది" అన్నాడు. అప్పుడు నవ్వేశాను.

మీలో ఇప్పుడిప్పుడే ఈ పనికి ఒప్పుకుంటున్న కుర్రవాళ్ళు ఉంటారు. నేను చదివిన పత్రాల్లో చాలా వాటి పేర్లు కూడా గుర్తులేవు. ఒక్కటి మాత్రం నన్ను వదలలేదు. దాని సంగతి చెబుతాను.

డెబ్బైల మొదట్లో నేను సంగారెడ్డి దగ్గర ఒక చిన్న వ్యవసాయ పరిశోధన క్షేత్రంలో పురుగుల విభాగం చూసేవాణ్ణి. మాది కృష్ణా డెల్టా. వరి తప్ప మరో పైరు ఎరగని ఊరినుంచి వచ్చి జొన్నకు పట్టే ఈగలమీద బతికాను. బీరంగూడలో కిరాయికి ఉండేవాళ్ళం. పక్కనే పెద్ద ప్రభుత్వ కర్మాగారం. మా వీధిలో సగం మంది మా వైపునుంచి వచ్చిన ఫిట్టర్లు, వెల్డర్లు. కర్మాగారం సైరన్ మోగితే మా ఆవిడ పొయ్యి వెలిగించేది. నేను సంగారెడ్డి బస్సెక్కేవాణ్ణి. దారి పొడుగునా అప్పుడప్పుడే పొలాలు చదును చేసి షెడ్లు లేపుతున్నారు. ఒక పక్క జొన్న చేను, ఒక పక్క ఇనుప గేటు, మధ్యలో ఎర్రమట్టి లారీలు.

మా క్షేత్రం అధిపతి ఈ నేలమీదే పుట్టి పెరిగినవారు. ఉర్దూ మీడియంలో చదివి, ఉద్యోగంలో చేరాక ఇంగ్లీషు నేర్చుకున్నారు. అందుకేనేమో ఇంగ్లీషు మాటలు వృథా చేస్తే ఆయనకు ఒళ్ళు మండేది. నేను రాసిన నివేదికలో 'చాలా', 'ఎంతో' అనే అర్థం వచ్చే మాట కనిపిస్తే ఎర్ర పెన్సిలుతో కొట్టేసేవారు. "ఎంతనో చెప్పు, లేకుంటే ఊకో" అనేవారు.

ఆ రోజుల్లో ఒకనాడు, నగరంనుంచి వెలువడే ఒక వ్యవసాయ శాస్త్ర పత్రిక సంపాదకుడు నాకో పత్రం పంపాడు. కార్బన్ కాపీ. రాసినవారి పేర్లున్న భాగాన్ని బ్లేడుతో కత్తిరించాడు పాపం, పెద్దమనిషి. కానీ రెండు పేరాలు చదివేసరికి ఎవరిదో తెలిసిపోయింది. నాకు కాలేజీలో పురుగుల శాస్త్రం చెప్పిన ప్రొఫెసరుగారిది. ఆయన వాక్యం ఎక్కడ చూసినా గుర్తుపట్టగలను. ఎందుకంటే నా వాక్యాన్ని దిద్దింది ఆయనే.

జొన్న మొలకెత్తిన కొత్తల్లో ఒక చిన్న ఈగ ఆకు అడుగున గుడ్డు పెడుతుంది. దాని పిల్ల మొవ్వులోకి దూరి తినేస్తుంది. నడిమి ఆకు ఎండిపోతుంది, మొక్క చస్తుంది. విత్తేముందే గింజకు పురుగుమందు పట్టిస్తే మొక్క బతుకుతుందని ఆ పత్రం సారాంశం. రెండేళ్ళు ఒక రైతు పొలంలో పరీక్షించామని, పద్ధతి చవకైనదని, సులువైనదని, చిన్న రైతులందరికీ ఇలా మందు పట్టించిన విత్తనమే పంచవచ్చని ముగింపు. రైతు పొలం ఎక్కడో కూడా రాశారు. ముత్తంగి దాటాక లోపలికి ఉన్న ఊరు. నేను రోజూ బస్సులో పోయే దారి.

మొదటి ఏడాది పట్టికలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. అసలైన పొలంలో పనిచేసినవాళ్ళ అంకెలు అలాగే ఉంటాయి. ఒక మడిలో బాగుంటుంది, పక్క మడిలో ఎందుకో బాగుండదు. రెండో ఏడాది పట్టిక చూస్తే అన్ని మళ్ళూ బుద్ధిగా ఉన్నాయి. పైగా జూన్‌లో విత్తామని రాశారు. ఆ ఏడు వానలు తప్పాయి. జూన్‌లో మా క్షేత్రంలో నాగలి కదల్లేదు. మాకు బావి ఉండికూడా ఆలస్యంగా విత్తాం. ఆలస్యంగా విత్తితే ఈ ఈగ మరీ విరుచుకుపడుతుంది. ఆ పత్రంలో మాత్రం నష్టం మొదటి ఏడాది ఎంతో రెండో ఏడాదీ అంతే ఉంది.

ఎక్కడో ఒక చిన్న వాన కురిసిందేమో, ఆ ఒక్క పొలంలోనే పదును దొరికిందేమో. అలా కూడా జరుగుతుంది. మా గురువుగారిని అనుమానించడానికి మనసొప్పలేదు. ఆ ఆదివారం పొద్దున ముత్తంగి దగ్గర బస్సు దిగి ఆ ఊరికి నడిచాను.

ఊరి మొదట్లో బర్రెలు తోలుకుపోతున్న ఒకాయనను, కాలేజీవాళ్ళు జొన్న వేయించిన రైతు ఇల్లేదని అడిగాను.

"కల్లు తాగి సచ్చినోని ఇల్లా? గా కొసకు పో సారూ. ఆమె ఉంటది" అన్నాడు.

ఆమె ముప్పై ఏళ్ళ మనిషి. వానలు రాకముందే గోడకు మట్టి మెత్తుతోంది. జొన్న పరీక్ష సంగతి అడగడానికి వచ్చానంటే చేతులు కడుక్కోకుండానే నిలబడింది.

"మళ్ళ ఇత్తనాలు తెచ్చినవా సారూ?" అంది. ఆ గొంతులో భయం నాకప్పుడు అర్థం కాలేదు.

"లేదమ్మా. వానలు తప్పిన ఏడు మీరు ఎప్పుడు విత్తారో తెలుసుకుందామని."

"గా ఏడు ఏడ ఏసినం సారూ? చినుకు పడితే గద ఏసేది. చేను గట్లనే ఎండింది."

"మరి కాలేజీవాళ్ళు ఇచ్చిన విత్తనం?"

ఆమె గోడవైపు తిరిగి మట్టి మెత్తుతూనే చెప్పింది. ముఖం చూపించలేదు.

"ఇంట్ల గింజ లేకుండె సారూ. మా ఆయన షెడ్ల కాడ మట్టి పనికి పోతుండె. పిల్లలు ఆకలైతుందని ఏడుస్తుండ్రి. సంచి జూసిన. కాలేజి పిలగాడు ఇచ్చినప్పుడు ఏమన్నడు? శుద్ధి చేసిన ఇత్తనం అమ్మా, పదిలంగ పెట్టుకోండ్రి అన్నడు. సంచి మీద గూడ గదే రాసి ఉందని మా ఆయన సదివిండు. శుద్ధంటే మంచిగ జేసినవే గద సారూ? గింజ మామూలు గింజ లెక్కనే ఉండె. చెరిగినయి, రాళ్ళు ఏరినయి అనుకున్న. ఇసిరి గటుక వండిన. పనికెల్లి ఆకలి మీద వచ్చిండని ముందు ఆయనకు పెట్టిన."

గటుకంటే జొన్నరవ్వ సంకటి. నేను గోడ నీడలో కూర్చుండిపోయాను.

"తిన్నంక చెమటలు వట్టినయి. నోట్లకెల్లి నురుగు. బండి కట్టి సంగారెడ్డికి తీస్కపోతుంటే తొవ్వలనే పోయిండు. అందరు కల్లు అన్నరు. గా దినాలల్ల కల్తీ కల్లు తాగి పోతుండ్రి మంది. మా ఆయన కల్లు ముట్టడు సారూ. పెండ్లిల గూడ ముట్టలే."

"మరి మీకు ఎలా తెలిసింది?"

"కుండల మిగిలింది పెంట మీద పారబోసిన. కోళ్ళు తిన్నయి. అన్ని సచ్చినయి." అప్పుడు ఇటు తిరిగింది. "గప్పుడు సమజైంది. మిగిలిన గింజలు బొంద తీసి పూడ్చిన. ఎవ్వలికి జెప్పలే. నేనే వండిన గద సారూ. నేనే పెట్టిన."

తప్పు మీది కాదమ్మా అన్నాను. ఆ మాటకు ఆమె తల ఊపింది కానీ ఒప్పుకున్నట్టు కాదు. నేను లేచి వస్తుంటే వెనకనుంచి పిలిచింది.

"నువ్వు సదువుకున్నోనివి. గీ ముచ్చట ఏడన్న రాస్తవా సారూ? నా పేరు రాసినా సరే. మా ఆయన కల్లు తాగి సావలేదని రాయి. పిల్లలను బడిల గట్లనే అంటున్నరు."

రాస్తానన్నాను.

మర్నాడు సంపాదకుడికి ఫోను చేసి, పత్రం సంగతి ఆఫీసులో మాట్లాడటానికి అనుమతి తీసుకుని, మా అధిపతికి అంతా చెప్పాను.

"శుద్ధి," అన్నారాయన. "గీ మాట ఎవరు పెట్టిండ్రో గాని. విషం పూసి శుద్ధి అంటమా మనం?"

"ఏం రాయను సార్? పత్రంలో లేనిది రాయొచ్చా?"

"పత్రంల పొలం ఉందా లేదా? పొలం ఉంటే పొలం కాడ జూసింది రాయొచ్చు. కాని జర పైలం. నువ్వు జూసింది రాయి, ఆమె జెప్పింది ఆమె జెప్పిందని రాయి. నువ్వు అనుకున్నది రాయకు. గా పిలగాడు కావాలని జేసిండని నీకు తెలుసా? తెల్వదు. రాయకు."

అలాగే రాశాను. రెండో ఏడాది ఆ పొలంలో విత్తనం పడలేదని ఆ ఇంటి ఇల్లాలు చెప్పిందని, ఆ విత్తనం ఇంట్లో వండుకున్నారని, తిన్న మనిషి చనిపోయాడని, అతను కల్లు తాగేవాడు కాదని భార్య చెప్పిందని. విత్తనానికి హెచ్చరికగా రంగు కలపలేదని, సంచిమీద విషమనే మాట లేదని. ఇటువంటి విత్తనాన్ని చిన్న రైతులకు పంచమనే సిఫారసు ప్రమాదకరమని. మా అధిపతి చదివి, ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకుని, ఒక్క మాట కూడా కొట్టకుండా తిరిగిచ్చారు. నా ఉద్యోగంలో అలా జరగడం అదొక్కసారే.

ఇలాంటి నివేదిక చూసి సంపాదకుడు బెదిరిపోయాడు. రిఫరీ ఎవరో చెప్పకూడదన్నది నియమం. కానీ నేను ముఖాముఖి మాట్లాడటానికి సిద్ధమేనన్నాను. మా అధిపతి గదిలోనే అందరం కలిసే ఏర్పాటైంది. ప్రొఫెసరుగారు జీపులో వచ్చారు. వెంట పరిశోధక విద్యార్థి. సన్నటి కుర్రవాడు, మా కోస్తావాడే, గోదావరి వైపు. ఆ పత్రంమీదే అతని డాక్టరేటు ఆధారపడి ఉంది.

సంపాదకుడు మొదలుపెడుతూ, రెండో రిఫరీ 'చక్కటి పత్రం, ప్రచురించవచ్చు' అని రాశాడని చెప్పాడు. ఆ రెండో రిఫరీ ఎవరో నాకు ఈనాటికీ తెలియదు. హాయిగా నిద్రపోయి ఉంటాడు.

ప్రొఫెసరుగారు నా నివేదిక చదివారు. రెండోసారి చదివారు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు.

"నువ్వటయ్యా! నీకు నేను నేర్పిందిదా? పత్రంలో ఉన్నదాన్ని పరిశీలించడం నీ పని. పొలానికి వెళ్ళమని ఎవరన్నారు నిన్ను?"

"పొలం దారిలోనే ఉందండి."

"దారిలో చాలా ఉంటాయి."

మా అధిపతి కల్పించుకోలేదు. ఆ కుర్రవాడి వైపు తిరిగి నెమ్మదిగా అడిగారు. "బాబూ, రెండో ఏడు నువ్వు పొలం కాడికి పోయినవా?"

"వెళ్ళానండి. సెప్టెంబరులో వెళ్ళాను. చేను ఎండిపోయి ఉంది. ఊళ్ళో అడిగితే ఆయన పోయాడన్నారు. కల్లు అన్నారు. నేను... నాకు కల్లు కాదేమోననిపించింది సార్. ఆవిడ గుమ్మంలో కూర్చుని ఉంది. దగ్గరికి వెళ్ళలేక వెనక్కి వచ్చేశాను. ఆ ఏడాది పట్టిక నేనే కూర్చుని నింపేశాను."

"విత్తనం ఇచ్చేటప్పుడు తినొద్దని చెప్పినవా?"

"చెప్పలేదండి." అతను ఏడుస్తున్నాడు. "విత్తనం ఎవరు తింటారండీ? మా వైపు చచ్చినా విత్తనం ముట్టరు. చెప్పాలని తోచలేదు. శుద్ధి చేసిందంటే తెలుస్తుందనుకున్నాను."

నేను ప్రొఫెసరుగారి ముఖమే చూస్తున్నాను. ఆయనకు ఈ సంగతి నిజంగానే తెలియదు. ఆ ఒక్కటీ నేను ప్రమాణం చేసి చెప్పగలను. తెలియగానే ఆయన ముఖం ఒక్కసారి ముసలిదైంది. నిమిషం సేపు మా పాత గురువుగారే కనిపించారు. ఆయన నోరు తెరిస్తే, ఆ ఊరికి వెళ్దాం పదండి అంటారనుకున్నాను.

"పత్రం వెనక్కి తీసుకుంటాను," అన్నారు. "ఇక ఈ విషయం ఇక్కడితో ఆగాలి. కుర్రాడి జీవితం ఉంది. కాలేజీ పరువు ఉంది."

"మరి ఆ కుటుంబం?" అన్నాను.

"పోలీసు కేసు ఉందా? ఆసుపత్రి కాగితం ఉందా? ఏముందని మనం ఏం చేస్తాం? ఒక ఆడమనిషి చెప్పిన మాట తప్ప."

మా అధిపతి అప్పుడు లేచారు. "గా ఆడమనిషి మాట అబద్ధమైతే మీ పత్రం వాపస్ ఎందుకు తీసుకుంటున్నరు సాబ్?" అన్నారు. ప్రొఫెసరుగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. సంపాదకుడు హడావుడిగా ఫైలు మూశాడు. రచయితే పత్రాన్ని ఉపసంహరించుకున్నాక రిఫరీ నివేదికతో ఇక పనిలేదు కదా అన్నాడు. నియమం ప్రకారం అదీ నిజమే.

ఆ కుర్రవాడు చదువు మానేసి ఊరికి వెళ్ళిపోయాడు. తర్వాత ఏదో బళ్ళో పాఠాలు చెబుతున్నాడని విన్నాను. జీపు ఎక్కేముందు నా దగ్గరికి వచ్చి, ఆవిడ తనను ఏమైనా అన్నదా అని అడిగాడు. ఏమీ అనలేదని చెప్పాను. తిట్టి ఉంటే బాగుండేదండీ అన్నాడు.

ప్రొఫెసరుగారు పై పదవికి వెళ్ళారు. ఒకటి రెండేళ్ళకు ఉత్తరాదినుంచి వచ్చే మరో పత్రికలో అదే పత్రం కనిపించింది. ఈసారి ఆయన పేరు ఒక్కటే ఉంది. కల్పించిన రెండో ఏడాది పట్టిక లేదు. మొదటి ఏడాది అంకెలు, అవి నిజమైనవే. చివరన చిన్న రైతులకు పంచవచ్చనే సిఫారసు అలాగే ఉంది. నేను ఆ పత్రికకు రాశాను. పత్రంలోని అంకెల్లో దోషం ఏమైనా ఉంటే చూపించమని మర్యాదగా జవాబిచ్చారు. అంకెల్లో ఏ దోషమూ లేదు.

మా అధిపతి మాత్రం ఊరుకోలేదు. మా క్షేత్రంనుంచి బయటికి వెళ్ళే ప్రతి సంచిలోని గింజకూ ఎర్రరంగు కలిపించారు. సంచిమీద 'విషం పూసిన గింజలు, తింటే చస్తారు' అని తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించారు. శాఖ అంతటా ఇలాగే చేయాలని పైకి రాశారు. 'విత్తనశుద్ధి' అన్నది ఆమోదం పొందిన మాట అని, విషమని రాస్తే రైతులు జడుస్తారని జవాబు వచ్చింది. "జడవాలనే గద రాసింది!" అని ఆ కాగితాన్ని నా బల్లమీద పడేశారు. ఆయన రిటైరయ్యాక కొత్తగా వచ్చినవారు సంచులు మార్పించారు. మాటను మళ్ళీ శుద్ధి చేశారు. మీరిప్పుడు వాడుతున్నదీ ఆ మాటే.

పత్రం చేతికొస్తే పట్టికను ఎలాగూ చూస్తారు, మీరు నాకన్నా బాగా చదువుకున్నవాళ్ళు. వీలైతే ఆ పట్టిక ఎక్కడ మొలిచిందో అక్కడికి కూడా వెళ్ళి చూడండి. చూసినంత మాత్రాన ఏదో ఆగుతుందని నేను చెప్పడంలేదు. నా దగ్గర ఆగిన పత్రం ఇంకో దారిన పోయింది.

డెబ్బైల చివర్లో ఒక సాయంత్రం ముత్తంగి దగ్గర బస్సు కోసం నిలబడ్డాను. రోడ్డు పక్క ఫ్యాక్టరీలో షిఫ్టు మారుతోంది. గేటులోంచి చీపురు చేత్తో పట్టుకుని ఆ రైతు భార్య వచ్చింది. ఆమే ముందు నన్ను గుర్తుపట్టింది. చేను షెడ్ల కింద పోయిందట. ఆ షెడ్డులోనే ఊడుస్తోందట. పెద్దవాడు లారీమీద క్లీనరుగా పోతున్నాడని, చిన్నది బడికి పోతున్నదని చెప్పింది. తర్వాత అడిగింది.

"గప్పుడు రాస్తనన్నవు. రాసినవా సారూ?"

"రాశానమ్మా."

"కల్లు గాదని రాసినవా?"

"రాశాను. ఆయన కల్లు ముట్టడని కూడా రాశాను."

"ఎవలన్న సదివిండ్రా మరి?"

సంపాదకుడు చదివాడు. మా అధిపతి చదివారు. ప్రొఫెసరుగారు రెండుసార్లు చదివారు. ఆ కుర్రవాడికీ చూపించారు. ఇంకెవరూ చదవలేదు, చదవరు కూడా.

"నలుగురూ చదివారమ్మా," అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గంతే సాలు సారూ. నలుగురికి తెలిస్తే సాలు," అంది. బస్సు వచ్చింది. ఎక్కాను.